బండి నిలిచినను బ్యాటరీ నిలువదు

కూకట్‌పల్లిలో నివసించువారికి బండ్లను గూర్చి క్రొత్తగా చెప్పవలసిన పని లేదు. మన హౌసింగు బోర్డు కాలనీలో ఏ వీధిని నడచినను ఇండ్ల ముంగిళ్లలో బండ్లు బారులు తీరియుండును. అపార్టుమెంట్ల సెల్లారులలోనికి దిగి చూచినచో, గుడ్డలు కప్పుకొని, ధూళి పట్టి, నెలల తరబడి కదలని కార్లు కొన్నియైనను కనబడును. వాని యజమానులలో కొందఱు హైటెక్ సిటీలోని కార్యాలయములకు మెట్రో రైలులో పోవుచుందురు. కొందఱు ఉద్యోగ నిమిత్తము దేశాంతరమున నుందురు. కొందఱు ఇంటినుండియే పని చేయుచు, బండిని పండుగలకు మాత్రమే బయటికి తీయుదురు. చూచువారికి ఆ బండ్లు హాయిగా నిదురించుచున్నట్లు తోచును. మేమును చాల కాలము అట్లే తలంచితిమి. నిలిచిన బండిలోని బ్యాటరీ రాత్రింబవళ్లు కొంచెము కొంచెముగా తన బలమును కోల్పోవుచుండునని ఒక రాత్రి పడిన కష్టము మాకు నేర్పినది. ఆ కష్టమునుండి మమ్ము గట్టెక్కించిన వాడు ఒక డ్రైవరు.

ఈ సంవత్సర సంచికకు ఒక వ్యాసము వ్రాయుమని సంపాదకులు కోరినపుడు, పిల్లలు చదివి ఆనందింపదగిన విషయమేదైన వ్రాయుదమా యని ఆలోచించితిమి. కాని ఇరువది యేండ్లుగా భౌతికశాస్త్రము బోధించుచున్న మేము, మా పాఠములోనిదే యొక సంగతిని సమయమునకు మఱచి, ఇతరులను కష్టపెట్టిన వృత్తాంతమును చెప్పుటయే మేలని తోచినది. ఉపాధ్యాయుని తప్పు విద్యార్థికి మంచి పాఠము కాగలదు గదా.

మన పాఠశాల వ్యాను మీరందఱు ఎఱిగినదే. మొదట అది పిల్లలను తెచ్చి దించు చిన్న బస్సు. పాతబడిన పిమ్మట దాని వెనుక సీట్లు కొన్ని తీసివేయించి, మడచిపెట్టుటకు వీలగు రెండు బల్లలను, నీళ్ల డ్రమ్మును, చిన్న దీపమును, పంకాను అమర్పించి, స్కౌటు శిబిరములకును, గ్రామములలో విజ్ఞాన ప్రదర్శనలకును వాడుచుంటిమి. బల్లలు దింపినచో ఇద్దఱు పరుండవచ్చును. చిన్న తరగతుల పిల్లలు దానికి ‘కదిలే ఇల్లు’ అని పేరు పెట్టిరి. ఇట్టి బండి యనగానే మన పెద్దలకు 1982లో నందమూరి తారక రామారావు గారు పర్యటనలకు వాడిన చైతన్యరథము జ్ఞప్తికి వచ్చును. పాత షెవర్లే వ్యానును మార్పించి, దానియందే విశ్రమించుచు ఆయన ఊరూర తిరిగిరి. నేటి పిల్లలకు సినిమా తారలు కూర్చుండు కారవాన్లు తెలియును. మన వ్యాను వానితో పోల్చదగినది కాకపోయినను జాతికి అదియే. ఇట్టి బండ్లలో రెండు బ్యాటరీలుండును. ఒకటి ఇంజనును మేల్కొల్పునది. రెండవది దీపములకును పంకాకును శక్తి నిచ్చునది. మన వ్యానులో మొదటి దానిని ఇంజను నడచునపుడు ఆల్టర్నేటరు నింపును. రెండవ దానిని పాఠశాలకు వచ్చిన తరువాత ప్లగ్గు పెట్టి మనమే నింపవలెను.

2020వ సంవత్సరము మార్చి నెల నడుమ కరోనా కారణముగా పాఠశాలలు మూతపడినవి. అదే నెల 25వ తేదీనుండి దేశమంతటను లాక్‌డౌన్ అమలులోనికి వచ్చినది. పాఠశాల ఆవరణలోని క్వార్టర్సులో నివసించుచున్నందున వ్యాను తాళపుచెవులు మాకు అప్పగింపబడినవి. వ్యానును రేకుల షెడ్డు క్రింద నిలిపి, తాళములు మా చేతికిచ్చుచు మన డ్రైవరు ఒక్క మాట చెప్పెను.

“సారూ, ఎన్ని దినాలు నిలబడతదో ఏమో. మైనసు వైరు ఒక్కటి ఊడదీసి పెడ్తా. బండి పండుకున్నా బ్యాటరీ పండుకోదు, తింటనే ఉంటది.”

మేము నవ్వి, “ఎందుకన్నా, ఇరువది యొక్క దినములే గదా. వారమున కొకసారి మేమే ఇంజను స్టార్టు చేసి యుంచెదములే” అంటిమి. అతడు మాకంటె పెద్దవాడు. ముప్పది యేండ్లుగా స్టీరింగు పట్టినవాడు. మఱల ఒక మాట చెప్పబోయి, సారు చదువుకొన్నవారు గదా యని కాబోలు, ఊరకుండి, మూసాపేటలోని తన గదికి వెడలిపోయెను.

మాట యిచ్చిన ప్రకారము ఐదు వారములు మేము ప్రతి ఆదివారము వ్యాను ఇంజనును ఐదేసి నిమిషములు నడిపితిమి. ఇంజను గర్జించుట విని మా కర్తవ్యము నెఱవేరినదని సంతోషించితిమి. తరువాత ఫోనులో పాఠములు చెప్పు పని మీద పడినది. ఎండలు ముదిరినవి. మే నెలలో ఆ షెడ్డు వైపునకు మేము పోనే పోలేదు. ఇక రెండవ బ్యాటరీ సంగతి చెప్పనక్కఱలేదు. జనవరిలో అనంతగిరి కొండలలోని శిబిరమునుండి తిరిగి వచ్చిన పిదప దానికి ప్లగ్గు పెట్టవలెనను తలంపే మాకు కలుగలేదు.

మే నెల చివరి వారమున ఒక రాత్రి పదకొండు గంటలు దాటిన తరువాత మా తలుపు చప్పుడయ్యెను. వాచ్‌మను నిలిచియుండెను. అతని భార్య నిండు చూలాలు. ప్రసవమునకు ఇంకను రెండు వారముల గడువున్నదనుకొనుచుండగా నొప్పులు మొదలైనవి. అంబులెన్సుకు ఫోను చేయగా బండ్లన్నియు వేఱు పనులలో నున్నవి, ఆలస్యమగునని తెలిసెను. రాత్రి కర్ఫ్యూ వలన వీధిలో ఆటోలు లేవు. “సారూ, మన వ్యానున్నది గదా” అని వాచ్‌మను అనెను. మేము తాళములు తీసికొని ధైర్యముగనే పోతిమి. మా భార్య ఆ యిల్లాలిని నెమ్మదిగా నడిపించుకొని వచ్చి వెనుక బల్లమీద పరుండబెట్టెను.

తాళము త్రిప్పితిమి. ‘టక్’ మని ఒక్క చిన్న శబ్దము. మఱల త్రిప్పితిమి. ఆ శబ్దమును లేదు. ముందఱి దీపము ఎఱ్ఱని నిప్పుకణమువలె మినుకుమని ఆరిపోయెను. లోపలి దీపము వేయుదమని మీట నొక్కగా అదియు వెలుగలేదు. ఆ చీకటిలో ఆ తల్లి బాధతో మూలుగుచుండగా, చేత తాళపుచెవి పట్టుకొని నిలుచున్న మాకు కలిగిన సిగ్గు ఇన్ని సంవత్సరములైనను మఱపునకు రాలేదు. సీసపు బ్యాటరీ పాఠము ఎన్ని మారులు నల్లబల్లమీద బొమ్మవేసి చెప్పితిమో గదా!

అప్పుడు డ్రైవరునకు ఫోను చేసితిమి. రెండు నెలలలో అదియే మేము అతనికి చేసిన మొదటి ఫోను. అతడు మమ్ము ఒక్క మాటయు అనలేదు. “సారూ, మీ ఇంట్ల ఇన్వర్టరు బ్యాటరీ ఉన్నది కదా. దాన్ని బండి కాడికి తెప్పించుండ్రి. నేనొస్తున్న” అనెను. మేమును వాచ్‌మనును కలిసి, ఆ బరువైన బ్యాటరీని తీగలు విప్పి, నీళ్ల క్యాన్లు తెచ్చు బండిమీద పెట్టి త్రోసికొని వచ్చితిమి. మూసాపేటనుండి డ్రైవరు కాలినడకను బయలుదేఱెను. దారిలో పోలీసులు ఆపిరట. సంగతి చెప్పగా పోనిచ్చిరట. చెమటతో తడిసి, భుజమున జంపరు కేబుళ్లతో అతడు గేటులో అడుగు పెట్టుసరికి నలువది నిమిషములు గడచినవి. ఆ నలువది నిమిషములును మా నిర్లక్ష్యమునకు ఆ తల్లి చెల్లించిన వెల.

అతడు చేసిన పనిని మీరును గమనించి నేర్చుకొనుట మంచిది. మొదట ఎఱ్ఱ కేబులు ఒక కొనను చచ్చిన బ్యాటరీ ప్లస్సునకు, రెండవ కొనను మంచి బ్యాటరీ ప్లస్సునకు తగిలించెను. తరువాత నల్ల కేబులు ఒక కొనను మంచి బ్యాటరీ మైనసునకు తగిలించి, రెండవ కొనను మాత్రము చచ్చిన బ్యాటరీకి తగిలింపక, దానికి దూరముగా ఇంజనునందలి ఒక ఇనుప బోల్టునకు పట్టించెను. కడపటి కొన తగులునపుడు నిప్పురవ్వ లేచును. బ్యాటరీ దగ్గఱ హైడ్రోజను వాయువుండవచ్చును. అది రవ్వ సోకినచో పేలును. అందుకే ఆ దూరము. ఆ పిమ్మట వెంటనే తాళము త్రిప్పక పది నిమిషములు ఆగెను. మంచి బ్యాటరీనుండి చచ్చినదానిలోనికి కొంత శక్తి ప్రవహించుటకు ఆ వ్యవధి. మూడవ ప్రయత్నమున ఇంజను మేల్కొనెను. తెల్లవాఱు జామున సర్కారు దవాఖానలో ఆ తల్లికి ఆడపిల్ల పుట్టినది. తల్లియు బిడ్డయు క్షేమముగా ఇల్లు చేరిరి. ఆ బిడ్డ నేడు మన ఆవరణలోనే ఆ వ్యాను చుట్టును పరుగులెత్తుచు ఆడుకొనుచున్నది.

మఱునాడు మేము ప్రయోగశాలనుండి వోల్టు మీటరును, అమ్మీటరును, హైడ్రోమీటరును తెచ్చి, డ్రైవరు సహాయముతో జరిగినదానిని పరిశీలించితిమి. ఆ పరిశీలనము పై తరగతుల వారికి ఉపయోగపడును గనుక కొంచెము వివరముగా వ్రాయుచున్నాము.

సీసపు బ్యాటరీని 1859లో గాస్టన్ ప్లాంటే యను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కనిపెట్టెను. 1881లో కమిల్ ఫోర్ అనునాతడు సీసపు పలకలకు సీసపు భస్మముల ముద్దను పట్టించి దాని శక్తిని పెంచెను. నేడు తిరుపతి సమీపమున కరకంబాడిలో అమర రాజా వారి కర్మాగారము పుట్టించు బ్యాటరీలలోను మూల సూత్రము అదియే. ఒక పలక సీసము, ఒక పలక సీసపు డయాక్సైడు, నడుమ నీటితో కలిసిన సల్ఫ్యూరిక్ ఆమ్లము. ఒక్కొక్క గది రెండు వోల్టులకు కొంచెము ఎక్కువ నిచ్చును. ఆఱు గదులు కలిసి పండ్రెండు వోల్టుల బ్యాటరీ యగును. శక్తిని వాడుకొన్నకొలది రెండు పలకలమీదను సీసపు సల్ఫేటు పేరుకొనును, ఆమ్లము పలుచనగును. మఱల ఛార్జి చేసినపుడు ఆ సల్ఫేటు కరగి పూర్వస్థితి కలుగును. ఇంతవఱకు పాఠ్యపుస్తకములో నున్నదే.

పాఠ్యపుస్తకము విడిచి పెట్టినది ఒకటి కలదు. ఆ సల్ఫేటు మొదట సన్నని మృదువైన స్ఫటికములుగా నుండును. అవి సులభముగా కరగును. బ్యాటరీని ఖాళీగా వారములకొలది విడిచినచో ఆ స్ఫటికములు పెరిగి గట్టిపడి, పలకల రంధ్రములను మూసివేయును. తరువాత ఎంత ఛార్జి చేసినను అవి కరగవు. నానబెట్టిన సున్నమును వెంటనే కడిగిన పోవును, ఎండిన పిమ్మట గీకినను పోదు. ఇదియు అట్టిదే. మన వ్యానునందలి రెండవ బ్యాటరీ జనవరినుండి సగము ఖాళీగా నిలిచినందున దాని కీ గతి పట్టినది. మీటరు పెట్టి చూడగా తొమ్మిది వోల్టులు చూపెను. రెండు దినములు ఛార్జి చేసినను అది కోలుకొనలేదు. మొదటిది నెమ్మదిగా ఛార్జి చేయగా బ్రతికెను గాని, వెనుకటి సత్తువ రాలేదు.

మొదటి బ్యాటరీ ఏల ఖాళీ యయ్యెను? తాళము తీసిన పిమ్మట దానిని ఎవరు వాడుకొనిరి? బ్యాటరీ తీగను విప్పి నడుమ అమ్మీటరు పెట్టి చూచితిమి. ఇంజను ఆగియున్నను 50 మిల్లీ ఆంపియర్లు ప్రవహించుచుండెను. బండి యెచ్చట నున్నదో తెలియుటకు అమర్చిన జీపీఎస్ పరికరము, గడియారము, పాటల పెట్టె కలిసి ఆ కొంచెమును త్రాగుచుండినవి. కొంచెమే గదా యందురేమో. లెక్క వేయుడు. 50 మిల్లీ ఆంపియర్లు దినమునకు 24 గంటలు ప్రవహించినచో 1.2 ఆంపియర్-గంటలు. మన బ్యాటరీ 80 ఆంపియర్-గంటలది. అనగా నిండుగా నున్నను 66 దినములలో అడుగంటును. మార్చి నడుమనుండి మే చివరకు ఎన్ని దినములో మీరే లెక్కింపుడు.

అయినచో మేము ఐదు వారములు నడిపిన ఇంజను సంగతి యేమి? దానికిని లెక్క యున్నది. ఇంజనును మేల్కొల్పుటకు 200 ఆంపియర్లు మూడు సెకండ్లు పట్టినవనుకొందము. అది 0.17 ఆంపియర్-గంట. నిలిచిన చోటనే మెల్లగా తిరుగు ఇంజను బ్యాటరీకి 10 ఆంపియర్లు ఇచ్చుననుకొన్నచో ఐదు నిమిషములలో చేరునది 0.83 మాత్రమే. ఖర్చు పోగా మిగిలినది 0.66. వారము దినములలో కాఱిపోవునది 8.4. తొట్టికి అడుగున చిల్లి పెట్టి, వారమున కొకసారి చెంబెడు నీరు పోసి, తొట్టి నిండుచున్నదని సంతోషించినట్లు మా పని యుండినది. ఇంజను చేసిన చప్పుడు మా మనస్సును నింపెనే గాని బ్యాటరీని నింపలేదు.

పరికరము లేవియు లేకున్నను బ్యాటరీ తనంతట తానుగా కూడ కొంత తగ్గిపోవును. 25 డిగ్రీల వేడిమిలో నెలకు నూటికి సుమారు మూడు మొదలు ఐదు పాళ్లు పోవును. వేడిమి పది డిగ్రీలు పెరిగినకొలది ఆ వేగము ఇంచుమించు రెట్టింపగును. మే నెలలో కూకట్‌పల్లిలోని రేకుల షెడ్డు క్రింద ఎంత వేడిమి యుండునో మీకు చెప్పవలెనా?

ఇక నివారణోపాయములు. ఇవి వ్యానుకే గాక, మీ యిండ్లలోని కార్లకును మోటారు సైకిళ్లకును వర్తించును.

బండిని రెండు మూడు వారములకు మించి నిలుపవలసి వచ్చినపుడు, మొదట బ్యాటరీని నిండుగా ఛార్జి చేయవలెను. సగము ఖాళీతో నిలుపరాదు. తరువాత మైనసు తీగను విప్పవలెను. పదో నంబరు పానాతో రెండు నిమిషముల పని. బండి ఇనుప శరీరమంతయు మైనసుతో కలిసియుండును గనుక మైనసునే ముందు విప్పవలెను. ప్లస్సును ముందు విప్పబోయినచో పానా బండి ఇనుమునకు తగిలి నిప్పులు చెరగును. బిగించునపుడు ప్లస్సు ముందు, మైనసు కడపట. ఇట్లు విప్పినచో పరికరములు త్రాగుట ఆగును గాని, తనంతట తాను తగ్గుట ఆగదు. కావున నెలకొకసారి మీటరు పెట్టి చూడవలెను. బండి కొన్ని గంటలు విశ్రమించిన పిమ్మట చూచినచో, 12.6 వోల్టులున్న నిండుగా నున్నది. 12.4 ఉన్న ముప్పాతిక. 12.2 ఉన్న సగము. 12.4కు దిగకముందే మఱల ఛార్జి చేయుట ఉత్తమము. మూత తీయుటకు వీలగు బ్యాటరీ యైనచో హైడ్రోమీటరుతో ఆమ్లపు సాంద్రతను చూడవచ్చును. నిండినదానిలో 1.250 మొదలు 1.280 వఱకు నుండును. పలకలు మునిగియున్నవో లేవో చూచి, తక్కువైన డిస్టిల్డ్ వాటరు మాత్రమే పోయవలెను. మన బోరు నీటిలోని లవణములు పలకలకు హాని చేయును. ఛార్జి చేయుచోట గాలి రాకపోకలుండవలెను, అగ్గిపుల్ల గీయరాదు. పిల్లలు పెద్దలు లేకుండ ఈ పని చేయరాదు. ఆమ్లము కంటికి చాల ప్రమాదకరము.

బండి యొద్ద ప్లగ్గు ఉన్నవారికి ఇంకను సులువైన మార్గము కలదు. నిండిన పిమ్మట తనంతట తానే సుమారు 13.5 వోల్టులకు తగ్గి, కాఱిన కొలదిని మాత్రము నింపుచుండు ఛార్జర్లు దొరకును. సాధారణమైన పాత ఛార్జరును తగిలించి మఱచిపోవుట మాత్రము తప్పు. ఎక్కువైన ఛార్జి నీటిని మరిగించి పలకలను చెరచును. ప్లగ్గు లేనిచోట చిన్న సౌర ఫలకము చాలును. మన వ్యాను పైభాగమున ఇప్పుడు 20 వాట్ల ఫలకమును కంట్రోలరుతో అమర్చితిమి. వ్యానును షెడ్డు వెలుపల, ఫలకముమీద ఎండ పడునట్లు నిలుపుచున్నాము. అది దినమునకు నాలుగైదు ఆంపియర్-గంటలు నింపగలదు. పరికరములు త్రాగునది 1.2 మాత్రమే గదా. ఆ వేసవిలో మన బ్యాటరీని చెఱచిన ఎండయే నేడు దానిని కాపాడుచున్నది.

మన పూర్వ విద్యార్థి యొకడు అమెరికాలో మిషిగన్ రాష్ట్రమున ఉద్యోగము చేయుచు, కుటుంబముతో తిరుగుటకు ఒక మోటారు హోము కొనెను. సెలవులలో మమ్ము చూడవచ్చినపుడు ఈ కథ చెప్పగా, అతడు తన దేశాచారమును చెప్పెను. అచ్చట శీతకాలమున ఐదు నెలలు ఆ బండ్లను నిలిపివేయుదురు. మనకు వేడిమి శత్రువైనట్లు వారికి చలి శత్రువు. చలిలో బ్యాటరీ తనంతట తాను తగ్గుట నెమ్మదించును గాని వేఱొక ప్రమాదమున్నది. నిండిన బ్యాటరీలోని ఆమ్లము సున్నకు దిగువ 50 డిగ్రీలకు కూడ గడ్డకట్టదు. ఖాళీ బ్యాటరీలో నుండునది ఇంచుమించు నీరే గనుక సున్నకు దిగువ ఏడెనిమిది డిగ్రీలకే గడ్డకట్టి పెట్టెను పగులగొట్టును. కావున ఆ దేశమునను ‘నింపి నిలుపుము’ అనునదే సూత్రము. క్రొత్తగా వచ్చిన లిథియం ఐరన్ ఫాస్ఫేటు బ్యాటరీలకు మాత్రము సూత్రము మాఱును. వానిని నిండుగా గాక సుమారు సగము ఛార్జితో, తీగలు విప్పి నిలుపుట మంచిది. సున్న డిగ్రీలకు దిగువ వానిని ఛార్జి చేయరాదు. బ్యాటరీ జాతి నెఱిగి సేవ చేయవలెనని దీని భావము.

మన డ్రైవరు చెప్పినవన్నియు సరియైనవే యని మేము వ్రాసినచో అది ముఖస్తుతి యగును. బ్యాటరీని సిమెంటు నేలమీద పెట్టినచో ఛార్జి భూమిలోనికి పోవునని అతడు గట్టిగా నమ్మియుండెను. పూర్వము కొయ్యపెట్టెలలో బ్యాటరీలు చేయు దినములలో అందు కొంత నిజముండెను. నేటి ప్లాస్టికు పెట్టెలకు ఆ దోషము లేదు. రెండు బ్యాటరీలను ఒకటి నేలమీదను, ఒకటి బల్లమీదను నెల దినములుంచి, మీటరు పెట్టి చూపితిమి. రెండును ఒకటిగనే యుండినవి. అతడు చూచి నవ్వి, “అయితే ఇన్నేండ్లు ఊకెనే చెక్క పెట్టిన్నా సారూ” అనెను. అతనివలన మేమొకటి నేర్చితిమి, మావలన అతడొకటి నేర్చెను. చచ్చిన రెండవ బ్యాటరీని దుకాణమున ఇచ్చి, దాని వెల తగ్గించుకొని క్రొత్తది తెచ్చితిమి. సీసము విషపదార్థము గనుక పాత బ్యాటరీని చెత్తలో వేయరాదు. దుకాణదారునకే తిరిగి యీయవలెను. మన దేశమున 2001నుండి దీనికి నియమములున్నవి. 2022లో క్రొత్త నియమములు వచ్చినవి.

మీ యిండ్లలోని ఇన్వర్టరును గూర్చియు ఒక మాట. వేసవి సెలవులకు ఊరికి పోవునపుడు కొందఱు మెయిను స్విచ్చి ఆపి, ఇన్వర్టరును మాత్రము మఱచిపోవుదురు. అది ఏదో యొక చిన్న దీపమును వెలిగించుచు బ్యాటరీని అడుగంటించును. తిరిగివచ్చిన నాడు అమ్మ నాన్నలు దుకాణమునకు పరుగెత్తవలసి వచ్చును. ఇల్లు విడుచు దినమున, నిండిన పిమ్మట ఇన్వర్టరును ఆపి, బ్యాటరీ తీగను ఎలెక్ట్రీషియనుచేత విప్పించినచో ఆ ఖర్చు తప్పును.

ఇంక మా హృదయమున మిగిలిన మాట ఒకటి కలదు. ఆ రాత్రి గడచిన కొన్నాళ్లకు డ్రైవరును మా యింట టీకి పిలిచితిమి. “అన్నా, ఆ దినము నీ మాట వినవలసియుండెను” అని చెప్పితిమి. అతడు కప్పు చేత పట్టుకొని, కొంతసేపు ఊరకుండి, “బ్యాటరీదేముంది సారూ. రెండు నెలలు గదిల ఒక్కన్ని కూసున్న. ఒక్క ఫోనొస్తే బాగుండు అనిపించేది” అనెను. అతని భార్యాబిడ్డలు పాలమూరు జిల్లాలోని పల్లెలో చిక్కుకొనియుండిరి. ఇచ్చట అతనికి ఎవరును లేరు. పది సంవత్సరములు మన పిల్లలను క్షేమముగా ఇల్లు చేర్చిన మనిషి ఎట్లున్నాడో యని అరువది దినములలో మేము ఒక్క మాఱు అడుగలేదు. మాకు పని పడినపుడు మాత్రము అర్ధరాత్రి పిలిచితిమి. అయినను అతడు నడచి వచ్చెను. ఆ మాటకు మాయొద్ద ప్రత్యుత్తరము లేకపోయెను. నాటినుండి ప్రతి శనివారము సాయంకాలము, పని యున్నను లేకున్నను, అతనికి ఒక ఫోను చేయుచున్నాము. సెలవులలోను మానము.

పాఠశాలలు మఱల తెఱచిన దినములలో తరగతిలో పిల్లలను చూచినపుడును ఈ సంగతియే తోచినది. ఎక్కములు చక్కగా చెప్పిన పిల్లలు తడబడిరి, చదువుట వచ్చినవారు అక్షరములు కూడబలుకుకొనిరి. అది వారి దోషము కాదు. నిలిచియున్న కాలమున ఎవరును ఛార్జి చేయలేదు. దినమునకు పావుగంట యైనను పుస్తకము పట్టిన పిల్లలు మాత్రము, మన వ్యానుమీది చిన్న ఫలకమువలె, నిండుగనే నిలిచియుండిరి.

కావున ప్రియ విద్యార్థులారా, వేసవి సెలవులు వచ్చుచున్నవి. ఊరికి పోవుటకు ముందు మీ నాన్నగారి బండి మైనసు తీగను విప్పితిరా యని అడుగుడు. ఇన్వర్టరు సంగతి జ్ఞాపకము చేయుడు. మీ గణితపు పుస్తకమును సంచిలో పెట్టుకొనుడు. మిమ్ము దినదినము తెచ్చి దించు బస్సు డ్రైవరునకు, మీ ఆయమ్మకు, మీ వాచ్‌మనుకు సెలవులలో ఒక్కసారి యైనను ఫోను చేసి, బాగున్నారా యని పలుకరింపుడు. జూనులో మన వ్యాను తాళము త్రిప్పగానే మేల్కొనును. మీరును అట్లే నిండుగా తిరిగివత్తురని ఎదురుచూచుచున్నాము.